‘ఏం లేదు’ అనే పిల్లల మనసులో ఏముందో తెలుసుకోవడం ఎలా? అమ్మానాన్నలకు సమగ్ర మార్గదర్శి

పదో తరగతి చుట్టుపక్కల వయసు పిల్లలున్న ఇళ్ళల్లో రోజుకు పదిసార్లు వినిపించే మాట ‘ఏం లేదు’. ఏమైంది నాన్నా అంటే ఏం లేదు. అన్నం వదిలేశావేం అంటే ఏం లేదు. కళ్ళెందుకు ఎర్రగా ఉన్నాయన్నా అదే. తలుపు వేసిన చప్పుడు మాత్రం వీధి చివరిదాకా వినిపిస్తుంది.

నేను జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతాను. ఇరవై రెండేళ్ళుగా ఇంటర్ పిల్లల మధ్యే ఉన్నాను. కొన్నాళ్ళు అమ్మాయిల హాస్టల్ బాధ్యత కూడా చూశాను. ఇంట్లో తొమ్మిదో తరగతి అబ్బాయి ఉన్నాడు. డాక్టర్లు చేసే పని నాకు రాదు, భాష మాత్రం నా పని. ‘ఏం లేదు’ అనే పిల్లల్లో చాలామంది దాచాలని అలా అనరు. లోపల తిరుగుతున్నదానికి పేరు దొరక్క అంటారు. పేరు దొరికిన రోజు మాట దానంతటదే వస్తుంది. ఇక్కడ రాస్తున్నది ఆ పేరు దాకా నడిచే దారి. మెట్లు వరసగానే ఎక్కండి, నేరుగా సలహాల దగ్గరికి దూకకండి.

మొదటి మెట్టు: ఆ తలలో ఏం జరుగుతోందో మీరు తెలుసుకోండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 10 నుంచి 19 ఏళ్ళ దాకా కౌమారమే. ఆడపిల్లల్లో 8 నుంచి 13 ఏళ్ళ మధ్య, మగపిల్లల్లో 9 నుంచి 14 ఏళ్ళ మధ్య శరీరంలో మార్పులు మొదలవుతాయి. గొంతు, ఎత్తు, మొటిమలు మనకు కనిపిస్తాయి. మెదడులో జరిగేది కనిపించదు.

భయం, కోపం, ఉత్సాహం లాంటివి రేపే అమిగ్డాలా, దాని చుట్టూ ఉన్న భాగాలు ఈ వయసులో చాలా చురుగ్గా ఉంటాయి. ఆగు, ఆలోచించు, రేపేమవుతుందో చూడు అని చెప్పే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ నుదుటి వెనక ఉంటుంది. అది పూర్తిగా ఎదగడానికి ఇంచుమించు పాతికేళ్ళు పడుతుంది. అంటే పొయ్యి పెద్ద మంట మీద ఉంది, పాలు పొంగుతున్నాయి, మంట తగ్గించాల్సిన చెయ్యికి నాబ్ ఇంకా అందడం లేదు. ‘ఇంత పొడుగు పెరిగావు, బుద్ధి లేదా?’ అని మనం అడిగేది సరిగ్గా ఆ అందని చేతినే.

ఇంకో సంగతి. గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు 2005లో ప్రచురించిన ప్రయోగంలో వేర్వేరు వయసుల వాళ్ళ చేత కారు నడిపే వీడియో గేమ్ ఆడించారు. పక్కన తోటివాళ్ళు ఉన్నప్పుడు ఎక్కువ తెగించడం అందరిలోనూ కనిపించినా, పెద్దవాళ్ళకంటే టీనేజీ పిల్లల్లో ఆ ప్రభావం చాలా గట్టిగా ఉంది. దీన్నుంచి నేను నేర్చుకున్న పాఠం బైకులకు మాత్రమే సంబంధించింది కాదు. స్నేహితుల ముందు తిట్టిన తిట్టు ఈ వయసులో పదింతలై తగులుతుంది. ఎంత తప్పు చేసినా సరే, తిట్టదలిస్తే ఇంటికి తీసుకొచ్చి తిట్టండి.

రెండో మెట్టు: మనసు సంగతికి ముందు ఒంటి సంగతి

ఇది చిన్న మెట్టే, కానీ దాటేస్తే మిగతావన్నీ వృథా. 13 నుంచి 18 ఏళ్ళ పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని వైద్యుల మాట. పైగా ఈ వయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా విడుదలవుతుంది, అందుకే పదింటికి పడుకోమంటే నిద్ర రాదు. తెల్లారి ఐదింటికి స్టడీ అవర్, రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్ ఉండే హాస్టల్లో లెక్క వేసుకోండి: పక్క మీద వాలగానే నిద్ర పట్టినా ఆరున్నర గంటలు దాటదు. ఆ పిల్ల ఆదివారం ఇంటికొచ్చి అందరి మీదా కసురుకుంటే పొగరు అనుకోకండి. ముందు పడుకోనివ్వండి.

రక్త పరీక్ష కూడా చేయించండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–19 ఏళ్ళ ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. నీరసం, చిరాకు, చదివింది తలకెక్కకపోవడం దాని లక్షణాలే. ప్రభుత్వ బడుల్లో వారానికొకటి ఇచ్చే నీలి రంగు ఐరన్ మాత్రను కిటికీలోంచి విసిరేసే పిల్లలు నాకు బాగా తెలుసు. నెలసరికి ముందు రోజుల్లో మనసు ఊరికే కుంగే అమ్మాయిలు ఉంటారు. క్యాలెండర్లో గుర్తు పెట్టుకుంటే రెండు మూడు నెలల్లో వరస తెలిసిపోతుంది. సాయంత్రం నాలుగున్నరకి బడి నుంచి వచ్చిన పిల్లాడిని ఏదైనా అడగాలంటే ముందు కడుపులో ఏదో ఒకటి పడనివ్వాలని వేరే చెప్పక్కర్లేదు.

నిద్ర, తిండి, రక్తం సరిచూసుకున్నా ‘ఏం లేదు’ అలాగే ఉంటే పై మెట్టు ఎక్కండి.

మూడో మెట్టు: పేరు పెట్టండి

2007లో లాస్ ఏంజిలస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. కోపంగానో భయంగానో ఉన్న ముఖాల బొమ్మలు చూపించి, ఆ ముఖంలో ఉన్న భావానికి పేరు ఎంచుకోమన్నారు. పేరు పెట్టినప్పుడు అమిగ్డాలా చురుకుదనం తగ్గింది, ప్రీఫ్రంటల్ భాగంలో పని పెరిగింది. మాట దొరకడమే మంట తగ్గించే చెయ్యి అన్నమాట.

మన పిల్లల దగ్గర ఉన్న మాటలెన్ని? నా క్లాసులో వినిపించేవి నాలుగు: టెన్షన్, బోర్, ఇరిటేషన్, మూడాఫ్. ఈ నాలుగు గంపల్లో అన్నీ కలిపి పోసేస్తారు. తెలుగులో మాత్రం ఒక్కో సరుకుకీ విడిగా డబ్బా ఉంది.

కోపం ఇంటిపేరుగా పెట్టుకున్నవే ఎన్నో చూడండి. ఉక్రోషం అంటే ఏమీ చెయ్యలేని స్థితిలో వచ్చే కోపం. అందులో ఏడుపు కలిసి ఉంటుంది. ఉడుకుమోత్తనం ఆటలో ఓడినప్పటిది. అలక అయినవాళ్ళ మీదే వస్తుంది, బుజ్జగిస్తారన్న నమ్మకం ఉంటేనే వస్తుంది. కాబట్టి మీ అమ్మాయి అలిగిందంటే మీ మీద ఇంకా నమ్మకం ఉందని సంతోషించండి. రోషం మానానికి దెబ్బ తగిలినప్పుడు పుడుతుంది. కసి లోపల నిలవుండిపోతుంది. చిరాకు చాలాసార్లు ఒంటి నుంచి వస్తుంది, నిద్ర చాలకో ఉక్కపోతకో. చిన్నబుచ్చుకోవడం బయటికి కోపంలాగే కనిపిస్తుంది గానీ లోపలిది బాధ.

భయం వైపు వెళ్తే బెరుకు, బిడియం, జంకు, గుబులు, గాబరా, దడ. కొత్తవాళ్ళ ముందు బెరుకు. ఏమవుతుందో తెలియనప్పుడు గుబులు. దిగుళ్ళలో బెంగ ప్రత్యేకం: అది మనుషుల కోసం, ఇంటి కోసం. హాస్టల్లో చేరిన మొదటి నెల వచ్చే కడుపునొప్పుల్లో సగం బెంగే అనేవారు మా పాత వార్డెన్ గారు. మాత్ర వేస్తే తగ్గదు, అమ్మ గొంతు వింటే తగ్గుతుంది. నిస్పృహ మాత్రం వేరు. దేని మీదా ఆశ లేకపోవడం అది. ఆ మాట వినిపిస్తే చివరి మెట్టు దగ్గర చెప్పినవి గుర్తు తెచ్చుకోండి.

అలంకారశాస్త్రం చదువుకున్నవాళ్ళకు ఇదేం కొత్త కాదు. నాట్యశాస్త్రం మనసులో స్థిరంగా నిలిచే ఎనిమిది స్థాయీభావాలు చెప్పింది, వాటి మీదుగా వచ్చిపోయే సంచారీభావాలు 33 అంది. ఆ ముప్పై మూడింటిలో నాకు టీనేజీ పిల్లలందరూ కనిపిస్తారు: నిర్వేదం (విరక్తి), శంక (అనుమానం), అసూయ, వ్రీడ (సిగ్గు), చపలత (నిలకడలేమి), జడత (మొద్దుబారడం), గర్వం, ఆవేగం (కంగారు). అమర్షం అంటే అవమానాన్ని సహించలేకపోవడం. అన్నిటికంటే ముఖ్యమైనది అవహిత్థ, లోపలి భావాన్ని పైకి కనబడనివ్వకుండా దాచుకోవడం. అదే మన ‘ఏం లేదు’. దాచడాన్ని కూడా ఒక భావంగానే లెక్కపెట్టిన ఆ పెద్దల చూపు నాకెప్పుడూ ఆశ్చర్యమే. సంచారి అంటే తిరిగేది, ఒకచోట ఉండనిది. మన అబ్బాయి సాయంత్రం పడ్డ నిర్వేదాన్ని స్థాయి అనుకుని మనం కంగారుపడిపోతాం. వాడు రాత్రి తొమ్మిదింటికి ఫ్రిజ్ తలుపు తీసి పెరుగు వెతుక్కుంటూ ఉంటాడు.

పేరు పెట్టడం ఎలా? ‘నీకు అసూయ’ అని తీర్పు చెప్పకండి, తలుపు మళ్ళీ పడుతుంది. రెండు పేర్లు ఇచ్చి ఎంచుకోనివ్వండి. మీరు తప్పు పేరు చెప్పినా నష్టం లేదు, వాళ్ళే దిద్దుతారు. ఆ దిద్దుబాటే మీకు కావలసింది. మా ఇంట్లో ఒకరోజు ఇలా జరిగింది. వాడు వచ్చి సంచీ సోఫా మీదికి విసిరేశాడు.

‘కోపంగా ఉందా, విసుగ్గా ఉందా?’

‘ఏం లేదమ్మా, వదిలెయ్.’

‘సరే. నాకైతే చిన్నబుచ్చుకున్నట్టు అనిపించింది.’

కాసేపాగి, ‘చిన్నబుచ్చుకోవడం కాదు. వాళ్ళు మ్యాచ్ ఉందని గ్రూపులో పెట్టారు. నన్ను ముందే గ్రూపులోంచి తీసేశారు. నాకెలా తెలుస్తుంది?’

అది ఉక్రోషం. ఆ మాట వాడికి అప్పుడే చెప్పాను. ‘అవును, అదే’ అన్నాడు, ఎవరో జ్వరం పేరు చెబితే ఊపిరి పీల్చుకున్నట్టు.

‘టెన్షన్’ అన్న మాటను కూడా ఇలాగే విప్పాలి. పరీక్ష టెన్షన్ అని ఒకేలా చెప్పే నలుగురు పిల్లలను నేను కూర్చోబెట్టి అడిగాను. ఒకడు అసలు చదవలేదు, వాడిది తప్పు చేశానన్న భావం. ఒకమ్మాయి అంతా చదివింది, హాల్లో మర్చిపోతానని గుబులు. ఇంకొకడికి పరీక్షంటే భయం లేదు, మార్కులు చూసినప్పుడు నాన్న మొహం ఎలా ఉంటుందోనని భయం. నాలుగో పిల్ల చాలాసేపు నసిగి, పక్క బెంచీ స్నేహితురాలికి ఎక్కువ వస్తాయని ఉందని చెప్పింది, అది అసూయ. మొదటివాడికి చదువుకునే పట్టిక కావాలి. రెండో అమ్మాయికి పాత ప్రశ్నపత్రాలు టైము పెట్టుకుని రాసే అలవాటు కావాలి. మూడోవాడికి కావలసింది వాళ్ళ నాన్నతో నా మాట. నాలుగో పిల్లకు, అలా అనిపించడం తప్పేం కాదని ఒకరు చెబితే చాలు. నలుగురికీ కలిపి ‘టెన్షన్ పడకండి’ అంటే నలుగురికీ ఏమీ చెప్పనట్టే.

నాలుగో మెట్టు: పైన కనిపించేదాని కింద చూడండి

మగపిల్లలకు మన ఇళ్ళల్లో అనుమతి ఉన్నది ఒక్క కోపానికే. ‘మగాడివి, ఏడుస్తావా?’ అని ఐదేళ్ళప్పుడే చెప్పేస్తాం. దాంతో బెంగ వచ్చినా, సిగ్గు వచ్చినా, భయం వేసినా వాడు కోపం చొక్కానే తొడుక్కుని వస్తాడు. ఆడపిల్లలది తిరగేసి ఉంటుంది. కోపం వస్తే నోరు ఎక్కువంటారు కాబట్టి కోపాన్ని ఏడుపుగానో తలనొప్పిగానో మార్చుకుంటారు. అందుకని అబ్బాయి కోపం కింద బాధ ఉందేమో, అమ్మాయి ఏడుపు కింద కోపం ఉందేమో ఒకసారి చూడండి.

ఫోన్ లాక్కున్నప్పుడు వచ్చే రభస ఇంకో ఉదాహరణ. ఒకడికి ఆట మధ్యలో ఆగిందన్న ఉడుకుమోత్తనం. ఇంకొకరికి గ్రూపులో తన వెనక ఏం మాట్లాడుకుంటున్నారోనన్న శంక. మరొకరికి ఎవరో పంపిన మెసేజీ మీరు చూస్తారేమోనన్న భయం, ఒక్కోసారి ఆ మెసేజీ బెదిరింపు కూడా కావచ్చు. ఫోన్ బీరువాలో పెట్టి తాళం వేశాక ఈ తేడా మీకు ఇక తెలియదు. అడగాల్సింది తాళం వెయ్యక ముందు.

ఇష్టాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పదహారేళ్ళ పిల్ల ఒకబ్బాయి నచ్చాడని మీతో చెప్పిందంటే మీరు సగం పరీక్ష పాసయ్యారు. నవ్వకండి. ‘ఇది ప్రేమ కాదు, ఆకర్షణ’ అనే ఉపన్యాసం ఆ రోజుకు వద్దు. అతనిలో ఏం నచ్చిందో అడగండి. హద్దుల గురించి, జాగ్రత్తల గురించి తప్పకుండా చెప్పాలి, మర్నాడు చెప్పవచ్చు. మొదటి రోజు పరువు గురించి మాట్లాడితే రెండో విషయం మీదాకా రాదు.

ఐదో మెట్టు: మాట కలిపే చోటు, వేళ

ఎదురుగా కుర్చీ వేసి ‘కూర్చో, నీతో మాట్లాడాలి’ అంటే అది విచారణ. కళ్ళలోకి చూడక్కర్లేని చోట పిల్లలు మాట్లాడతారు. బండి మీద వెనక కూర్చున్నప్పుడు, చిక్కుడుకాయలు ఒలుస్తున్నప్పుడు, మేడ మీద ఆరిన బట్టలు మడతపెడుతున్నప్పుడు, రాత్రి లైటు ఆర్పేశాక. చేతికి పని ఉండాలి, చూపుకు పని ఉండకూడదు.

వాళ్ళు ఒక వాక్యం చెబితే మీరు దాన్నే కొంచెం మార్చి తిరిగి చెప్పండి. ‘సార్ అందరి ముందు లేపి నిలబెట్టాడు’ అంటే ‘అందరి ముందా!’ అనండి చాలు. ‘నువ్వేం చేశావు మరి?’ అని అడిగితే కథ అక్కడే ఆగుతుంది. ‘మా కాలంలో’ అన్న మాటతో మొదలయ్యే వాక్యాలు ఓ ఏడాదిపాటు మానేయండి. పిన్ని కూతురి ర్యాంకు కూడా.

హాస్టల్ పిల్లల తల్లిదండ్రులకు దొరికేది వారానికి ఐదు నిమిషాల ఫోను. వెనక ఇంకో పదిమంది వరసలో ఉంటారు. నేను హాస్టల్లో విన్న సంభాషణలు దాదాపు ఒకటే: అన్నం తిన్నావా, వీకెండ్ టెస్టులో ఎన్నొచ్చాయి, సెక్షన్ మార్చలేదు కదా, బాగా చదువుకో, ఉంటా. ఐదింటిలో మూడు మార్కులవే. బదులుగా మొదటి రెండు నిమిషాలు ఇంటి కబుర్లు మీరే చెప్పండి: గేదె ఈనిందనో, నాన్నమ్మ సీరియల్ చూస్తూ ఎవరిని తిట్టిందో. బెంగకు అదే మందు. తర్వాత జవాబు ఒక్క మాటలో అయిపోని ప్రశ్న ఒకటి అడగండి: ‘ఈ వారం ఎవరి పక్కన కూర్చుని తింటున్నావు?’ దానికి ‘ఎవరూ లేరు’ అన్న జవాబు వస్తే ఆదివారం దాకా ఆగకండి, బస్సెక్కండి. చుట్టూ జనం ఉన్నప్పుడు నిజం చెప్పలేరు కాబట్టి ముందే ఒక గుర్తు పెట్టుకోవడం మంచిది. ఒక తండ్రీ కూతురూ ‘పచ్చడి అయిపోయింది’ అన్న మాట పెట్టుకున్నారు. అంటే ‘వచ్చి మాట్లాడు నాన్నా’ అని. పచ్చడి సీసా నిండుగా ఉండగానే ఆయన రెండుసార్లు వచ్చాడు.

ఆరో మెట్టు: పొంగినప్పుడు

అరుస్తున్నప్పుడు, ఏడుస్తున్నప్పుడు ఏ పాఠమూ వద్దు, పేరు పెట్టడం కూడా వద్దు. ముందు ఒళ్ళు చల్లబడాలి. చల్లటి నీళ్ళతో మొహం కడుక్కోవడం, వీధి చివరిదాకా నడిచి రావడం, ఊపిరి మామూలుగా తీసుకుని నెమ్మదిగా, తీసుకున్నదానికంటే ఎక్కువసేపు వదలడం. ఓ పదిసార్లు అలా వదిలితే గుండె దడ తగ్గడం వాళ్ళకే తెలుస్తుంది. ఇది కోపం లేని రోజున ఆటగా నేర్పండి. మీకే పొంగితే? ‘నాకు ఇప్పుడు చాలా కోపంగా ఉంది, పది నిమిషాలాగి వస్తాను’ అని చెప్పి వెళ్ళండి, చెప్పినట్టే తిరిగి రండి. మాట జారితే తర్వాత క్షమాపణ అడగండి. అమ్మానాన్నలు పిల్లలకు సారీ చెబితే లోకువైపోతామని మా తరం భయం. నేను చెప్పాను, లోకువ కాలేదు.

ఏడో మెట్టు: ఫలితాల రోజుకు ముందే సిద్ధం కండి

ఫలితాలు ఏ రోజు వస్తాయో ముందే ప్రకటిస్తారు, కాబట్టి ఆ రోజు మనసులూ ముందే సర్దుకోవచ్చు. పరీక్ష తప్పితే ఏం చేస్తామో వారం ముందే మామూలు గొంతుతో మాట్లాడుకోండి: రీవెరిఫికేషన్, సప్లిమెంటరీ, ఫీజు, తేదీలు. ఆ రోజు పిల్లలను ఒంటరిగా వదలకండి. ఫలితం వాళ్ళతో కలిసి చూడండి. చుట్టాల ఫోన్లు మీరే ఎత్తండి.

2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లి పెద్ద గొడవైంది, ఆ రోజుల్లో ఇరవైమందికి పైగా పిల్లలను పోగొట్టుకున్నాం. తెలుగులో సున్నా అని చూపించిన ఒక అమ్మాయికి మళ్ళీ చూస్తే వచ్చినవి 99. తెలుగు పేపర్లు దిద్దేదాన్ని కాబట్టి ఆ అంకె నన్ను ఇప్పటికీ వదలదు. మార్కుల మెమోలో కూడా తప్పు ఉండవచ్చని పిల్లలకు ముందే చెప్పండి.

ఎనిమిదో మెట్టు: మన చేతిలో లేదనిపించినప్పుడు

సంచారి వచ్చి పోతుంది. రెండు వారాలు దాటినా పోకపోతే అది వేరు. నిద్ర, తిండి బాగా మారిపోవడం, ఎప్పుడూ ఇష్టపడే ఆటనో బొమ్మలనో పూర్తిగా వదిలేయడం, స్నేహితులను దూరం పెట్టడం, ఎండాకాలంలోనూ నిండు చేతుల చొక్కాతో మణికట్లు దాచుకోవడం, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, ‘నేను లేకపోతే మీకే హాయి’ లాంటి మాట నవ్వుతూ అన్నా సరే, వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చెయ్యకండి.

సూటిగా అడగండి: ‘చచ్చిపోవాలనిపిస్తోందా కన్నా?’ అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ, అడిగితే బరువు దిగుతుంది. అవునంటే అరవకండి, ఒట్లు వేయించుకోకండి. పక్కనే ఉండండి. ప్రమాదం తెచ్చే మందులు, పురుగుమందులు తాళంలో పెట్టండి. అప్పటికప్పుడు ప్రాణాపాయం ఉంటే 108కి చేసి ఆసుపత్రికి తీసుకెళ్ళండి. లేదంటే 14416కి ఫోన్ చెయ్యండి. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక సహాయ లైను. ఖర్చు లేదు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడవచ్చు. పిల్లలే చెయ్యాలని లేదు, ఏం చెయ్యాలో తోచని అమ్మానాన్నలు కూడా చెయ్యవచ్చు. కొట్టడం, వేధింపు, లైంగిక హింస లాంటివి బయటపడితే పిల్లల కోసం 1098 ఉంది. కేసవుతుందన్న భయంతో ఆసుపత్రికి వెళ్ళడం మానకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, వైద్యం అందేలా చూడడం ప్రభుత్వ బాధ్యత.

ఇంకొక అడ్డు మన నోట్లోనే ఉంది. హైదరాబాదు వైపు ‘ఎర్రగడ్డకు పంపించాలి నిన్ను’ అని, విశాఖ వైపు ‘పిచ్చాసుపత్రి’ అని తిట్లుగా వాడేశాం. ఎర్రగడ్డలో, విశాఖ చినవాల్తేరులో ఉన్నవి అందరి పన్నులతో నడిచే మంచి ప్రభుత్వ మానసిక వైద్య ఆసుపత్రులు. ఇంట్లో ఆ తిట్టు విన్న పిల్లలు డాక్టర్ దగ్గరికి వెళ్దామంటే నిన్నటిదాకా తిట్టిన చోటుకే పంపుతున్నారనుకుంటారు. కాబట్టి కళ్ళజోడు కోసం కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళినట్టు, అంతే మామూలుగా చెప్పి తీసుకెళ్ళండి.

లోపల డాక్టరు పిల్లలతో విడిగా మాట్లాడతానంటే బయటికి రండి. తిరిగి వచ్చేటప్పుడు ‘ఏమడిగారు, నువ్వేం చెప్పావు?’ అని దారిపొడుగునా తవ్వకండి. ఆకలేస్తోందా అని అడగండి, దారిలో బండి ఆపి ఇద్దరూ ఏదైనా తినండి.